ఊరికే కూర్చుంటే లైటెందుకు

నర్సీపట్నం,
మే నెల.

అత్తయ్య గారికి జ్యోతి వందనాలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీరు, రాచెల్ వదిన, అన్నయ్య గారు కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

ఎప్పుడు ఫోన్ చేసినా మీరు తీయడం లేదు. వదిన తీసి, అమ్మ పడుకుంది అంటోంది. వాట్సాప్‌లో రాసి పెట్టు, వదిన చదివి చెబుతుంది అని ఈయన అన్నారు. వదినతో చదివించుకునే మాటలు కావు నావి. అందుకే కాగితం తీసుకున్నాను. ఏడో తరగతి తరువాత ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే మన్నించండి.

ఈస్టర్ మర్నాడు రోలుగుంట వెళ్ళేటప్పుడు వారంలో వచ్చేస్తానన్నారు. మీ కళ్ళజోడు పెట్టె, పాటల పుస్తకం ఇక్కడే ఉండిపోయాయి కాబట్టి ఎలాగూ వస్తారనుకున్నాను. ఎండలు ముదిరిపోయాయి. ఆవకాయ పెట్టే రోజులు దాటిపోతున్నాయి. కాయలు ఇప్పుడు కొందామా, అమ్మ వచ్చాక కొందామా అని ఈయన అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

ఇల్లు మీరున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచుతున్నాను. నలభై రోజుల శ్రమకాలం ఈస్టర్‌తో అయిపోయినా లైట్ల ఉపవాసం మానలేదు. గదిలోంచి బయటికి వస్తే లైటు, ఫ్యాను కట్టేస్తున్నాను. టీవీని రిమోట్‌తో వదిలేయకుండా గోడ స్విచ్ దగ్గరే ఆపుతున్నాను. సెల్ ఛార్జర్ పీకేస్తున్నాను. ఎవరూ చదవనప్పుడు, కుట్టనప్పుడు హాల్లో లైటు ఉంచడం లేదు. ఈస్టర్ అయ్యాక స్త్రీల సమాజంలో, నలభై రోజులూ నిలబెట్టుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను. చర్చిలో నా అంతట నేను చెయ్యెత్తడం అదే మొదటిసారి. మీరు పక్కన ఉంటే సంతోషించేవారు.

ఎదురింటి సింహాద్రమ్మ గారు రోజూ అడుగుతోంది. నిన్న కుళాయి దగ్గర అందరి ముందూ, "ఏటమ్మా, మీ అత్త ఎల్లిపోనాదా, నువ్వే ఎల్లగొట్టీసినావా?" అంది. అందరూ నవ్వారు. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఎప్పుడు వస్తారో ఒక్క ముక్క రాయండి.

మీ కోడలు,
జ్యోతి


రోలుగుంట,
మే నెల.

జ్యోతికి,

నీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను.

ఇక్కడ రాచెల్ కుట్టు మిషను పెట్టుకున్న గదిలో సందె వేళ నుంచి లైటు వెలుగుతూనే ఉంటుంది. నేను కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటాను. ఎవరూ వచ్చి ఆపరు.

ఆవకాయ నువ్వే పెట్టుకో. కారం, ఆవపిండి ఎంతెంతో నీకు తెలుసు. ఉప్పు మాత్రం ముందు ఎండలో పెట్టు. ఇల్లు నీది, ఏ లైటు ఉంచాలో ఏది కట్టాలో నీ ఇష్టం. నన్ను అడగక్కర్లేదు.

నలభై రోజులు నిలబెట్టుకుని చెయ్యెత్తావు, సంతోషం. నేనూ చిన్నప్పటి నుంచి శ్రమకాలం పాటించినదాన్నే. ఎదుటి మనిషిని చీకట్లో కూర్చోబెట్టే ఉపవాసం మా రోజుల్లో లేదు. అది నాకు అర్థం కాలేదు.

కళ్ళజోడు పెట్టె మా అబ్బాయి దయాకర్‌తో పంపించు. పాటల పుస్తకం నాకు అక్కర్లేదు. చర్చిలో ఎవరైనా అడిగితే ఇచ్చెయ్యి.

సువర్ణమ్మ


నర్సీపట్నం,
జూన్ నెల.

అత్తయ్య గారికి వందనాలు.

మీ ఉత్తరం అందింది. చాలా సార్లు చదివాను. మీరు కోపంగా ఉన్నారని తెలిసింది గాని ఎందుకో తెలియలేదు.

ఆ ఉపవాసం అర్థం కాలేదని రాశారు. అది మన స్త్రీల సమాజంలో పెట్టిందే కదండీ. శ్రమకాలం మొదట్లో శనివారం కూటానికి ఇద్దరం కలిసే వెళ్ళాం. మీరు ముందు బెంచీలో, నేను మీ పక్కన. పాస్టరమ్మ గారు లేచి, "మాంసం మానడం ప్రతి ఏడాదీ సేస్తన్నాం. ఈ ఏడు కరెంటు దండగ మానుదాం. సదవకుండా, కుట్టకుండా ఊరికే కూసుంటే లైటెందుకు? దేవుడితో మాటాడ్డానికి బల్బు కావాలేటి?" అన్నారు. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు. తరువాత ఆవిడ మీ వైపు తిరిగి, "పెద్దోళ్ళ ఇంట్లోనే ముందు మొదలవ్వాల, ఏం సువర్ణమ్మ గారూ?" అని అడిగితే మీరు గట్టిగా ఆమేన్ అన్నారు. నా పక్కనే కూర్చుని అన్నారు.

ఇంటి పెద్ద ఆమేన్ అన్నాక అది నాకు మీరు పెట్టిన పనే అయింది. కూటంలో ప్రార్థన చేయమంటే నాకు గొంతు లేవదు. సాక్ష్యం చెప్పమంటే బైబిల్లో తల దూరుస్తాను. దేవుడి కోసం నోరు తెరవకుండా చేయగలిగిన పని ఇన్నాళ్ళకి ఒకటి దొరికింది. అందుకే అంత పట్టుగా చేశాను. ఒక రాత్రి ఫ్రిజ్ కూడా ఆపేసి పాలు విరగ్గొట్టాను. మీరు ఒక్క మాట అనకుండా ఆ పాలతో కోవా చేసి పెట్టారు. అప్పుడు కోపం రాలేదు కదా మీకు.

"అమ్మకి నువ్వేటి సేసినావు? సెప్పవేటి?" అని ఈయన అడుగుతున్నారు. ఎరువుల షాపు మూసి ఈయన ఇంటికొచ్చేసరికే ఆలస్యం అవుతుంది, సాయంత్రాలు ఇంట్లో ఏం జరిగిందో ఆయనకి తెలియదు. ఏం చేశానో నాకే తెలియనప్పుడు ఆయనకి ఏం చెప్పను?

నాకూ మనసులో ఒక మాట ఉంది. అది అడిగే ధైర్యం ఇంకా రాలేదు.

మీ కోడలు,
జ్యోతి


రోలుగుంట,
జూలై నెల.

అమ్మా జ్యోతీ,

జవాబు ఆలస్యమైంది. రాద్దామని కూర్చుంటాను, కాగితం మడిచి పక్కన పెడతాను. చాలా రోజులు అలాగే గడిచింది. ఇది దయాకర్‌కి చూపించకు.

ఆ శనివారం పాస్టరమ్మ ఏం చెప్పిందో నాకు తెలియదు. నీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. నాకు వినపడలేదమ్మా. అందరూ నవ్వితే నవ్వాను. ఆవిడ నా వైపు చూసి ఆగితే ఆమేన్ అన్నాను. చర్చిలో ఎవరు నా వైపు చూసి ఆగినా అదే అంటాను. ఇప్పటిదాకా ఎక్కడా తప్పు పడలేదు.

నా చెవులు పోతున్నాయి. మీ మామగారు పోయిన ఏడాదే మొదలైంది. అప్పటికి చర్చిలో పాట ఎత్తేది నేనే. ఒక ఆదివారం నేను ఎత్తిన పాట ఎటో పోయింది. నాకు బాగానే ఉందనిపించింది. వెనక్కి చూస్తే ఆడపిల్లలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. గొంతు నొప్పి అని చెప్పి మానేశాను. పాడమని మళ్ళీ ఎవరూ బలవంతం చేయలేదు.

మనిషి ముఖం ఎదురుగా, వెలుతురులో ఉంటే పెదాలు చూసి సగం తెలుసుకుంటాను. మిగతా సగం ఊహించుకుంటాను. దయాకర్‌ది పెద్ద గొంతు, నోరంతా తెరిచి మాట్లాడతాడు. వాడితో ఇబ్బంది లేదు. నువ్వేమో తల వంచుకుని నేలతో మాట్లాడతావు. ఏ మాటా నా దాకా రాదు.

హాల్లో లైటు నాకు చదువుకోడానికి కాదు. అది ఉంటే ఎవరు వచ్చారో తెలుస్తుంది, ఏమన్నారో తెలుస్తుంది. అది ఆరిపోతే నేను గోనెసంచిలో కూర్చున్నట్టే. నువ్వు వచ్చేదానివి, స్విచ్ నొక్కేదానివి, నవ్వి వెళ్ళిపోయేదానివి. దయాకర్ వచ్చే వేళకి మళ్ళీ వేసేదానివి. కొడుకు ముందు ఒకలాగ, వెనక ఒకలాగ అనుకున్నాను. నా ఇంట్లో నాకు లైటు కావాలని నేను అడుక్కోవాలా అనుకున్నాను. అడిగితే ఎందుకో చెప్పాలి. అది చెప్పలేను.

ఈస్టర్ ముందు రోజు సాయంత్రం నువ్వు నా ఎదురుగా వచ్చి నిలబడ్డావు. తలెత్తి చూశావు. నీ పెదాలు కదిలాయి. ఇన్నాళ్ళకి ఏదో చెప్పబోతోందని నేను ముందుకి వంగాను. అప్పుడే లైటు కట్టేశావు. నన్ను ఏదో అంటోంది, అది నాకు కనబడకూడదని ఆపేసింది అనుకున్నాను. లేచి నా గదిలోకి వెళ్ళిపోయాను. సోమవారం బస్సెక్కాను.

ఆ రోజు ఏమన్నావు? ఇప్పుడు చెప్పు.

అత్తయ్య


నర్సీపట్నం,
జూలై నెల.

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. కూర మాడిపోయినా తెలియలేదు.

ఆ రోజు నేను అడిగింది ఇది. ఈస్టర్ తెల్లవారుజామున ఆరాధనలో, ఒకప్పుడు మీరు ఎత్తే ఈస్టర్ పాట నన్ను పాడమన్నారు పాస్టరమ్మ గారు. ఎస్. రాయవరంలో చిన్నప్పుడు నేను పాడేదాన్నని మా పుట్టింటివాళ్ళు ఎవరో చెప్పారట. కుదరదని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. మిమ్మల్ని నేర్పమని అడగాలని ఆ వారమంతా మాటలు కూడగట్టుకున్నాను. మీ ఎదురుగా వచ్చి అత్తయ్య గారూ అన్నాను. మీరు నా ముఖంలోకి అంత సూటిగా చూసేసరికి మాట ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ నాకు అంతే. మా అమ్మతో కూడా ఏదైనా చెప్పుకోవాలంటే ఇంట్లో దీపం తీసేదాకా ఆగేదాన్ని. చీకటైతే అడగగలను అనిపించింది. స్విచ్ నొక్కి, "నాకు పాట నేర్పుతారా?" అన్నాను. మీరు లేచి వెళ్ళిపోయారు.

నాలాంటిదానికి నేర్పడం మీకు ఇష్టం లేదనుకున్నాను. సోమవారం మీరు సంచి సర్దుకుంటుంటే గుమ్మం దగ్గరే నిలబడి ఉండి కూడా వెళ్ళొద్దని అనలేదు. రోషం వచ్చింది. ఈస్టర్ రోజు పాడలేదు. నేనూ గొంతు నొప్పి అనే చెప్పాను.

ఈయన వచ్చే వేళకి లైటు వేసింది అన్నం వడ్డించడానికేనండీ. మీ మొదటి ఉత్తరం వచ్చినప్పటి నుంచి సందె వేళ లైటు ఆపడం లేదు. పోయిన నెల కరెంటు బిల్లు వచ్చింది. ఎక్కువ వస్తుందని భయపడ్డాను. ఈయన చూసి నవ్వారు. "ఆ బల్బు నెలంతా సందేళ ఎలిగినా మన పాత ఫ్రిజ్ ఒక్కరోజు తిన్నంత తినదు. డోరు రబ్బరు సిరిగిపోయి సల్లదనమంతా వంటింట్లోకి పోతంది. నువ్వేమో బల్బులు కట్టుకుంటా తిరుగుతున్నావు" అన్నారు. రబ్బరు మార్పించాం. గీజరు వేసి మరిచిపోవడం మానేశాం. ఈ నెల హాల్లో లైటు వెలుగుతూ ఉన్నా బిల్లు తగ్గే వచ్చింది. ఆపితే ఆదా కాదని కాదండీ. ఏది ఎంత తింటుందో చూడకుండా, చెయ్యి ఎత్తితే అందేదాన్ని ఆపుకుంటూ తిరిగాను. శ్రమకాలమంతా మిమ్మల్ని చీకట్లో కూర్చోబెట్టి మిగిల్చింది ఇంతే.

మీ సంగతి ఈయనకి చెప్పలేదు. నేను అత్తని చీకట్లో పెట్టి సాగనంపానని సింహాద్రమ్మ గారు చర్చి వాళ్ళతో కూడా అందట. అననివ్వండి, సగం నిజమే.

ఆదివారం ఈయన ఆటో తీసుకుని వస్తారు. మీరు వచ్చేయండి. వెలుతురులో కూర్చుందాం. తలెత్తి మాట్లాడడం అలవాటు చేసుకుంటాను.

మీ జ్యోతి


రోలుగుంట,
ఆగస్టు నెల.

అమ్మా జ్యోతీ,

దయాకర్ వచ్చాడు. ఖాళీ ఆటోతో పంపించేశాను. మోకాళ్ళ నొప్పులని వాడికి చెప్పాను. నీకు నిజం చెబుతాను.

ఆ ముందు వారమే రాచెల్ నన్ను విశాఖ తీసుకెళ్ళి చెవుల డాక్టరుకి చూపించింది. దాని దగ్గర దాచలేకపోయాను. పక్కపక్కనే పడుకుంటాం కదా, దొరికిపోయాను. కుడి చెవి పూర్తిగా పోయిందట. ఎడమది పోతోందట. చెవి మిషను పెట్టుకుంటే చప్పుడు తెలుస్తుందిగాని మాట తెలియదన్నారట. "ఇన్నేళ్ళూ ఏం చేశారు?" అని అడిగారట డాక్టరు. రాచెల్ ఇదంతా బస్సులో కాగితం మీద రాసి చూపించింది. రాస్తూ ఏడిచింది.

నువ్వు లైటు ఆపినందుకు బాధపడకు. నా తప్పు అంతకంటే ముందుది. అది చెప్పకపోతే నువ్వు బతుకంతా ఆ స్విచ్‌నే తిట్టుకుంటావు.

దయాకర్‌కి సంబంధాలు చూస్తున్నప్పుడు అనకాపల్లిలో ఒక అమ్మాయిని చూశాం. టీచరు ట్రైనింగ్ చదివింది. గలగలా మాట్లాడింది. కాఫీ ఇస్తూ నన్నే రెండు ప్రశ్నలు వేసింది. నేను దేనికో ఏదో జవాబు చెప్పాను. ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. ఈ పిల్ల ఇంట్లోకి వస్తే నెల తిరక్కుండా నా సంగతి పట్టేస్తుందని భయం వేసింది. వద్దన్నాను. తరువాత మీ ఇంటికి వచ్చాం. మీ అమ్మ, "మా పిల్లకి మాట తక్కువండీ, అదొక్కటే లోటు" అందని దారిలో రాచెల్ చెప్పింది. నేను ఆ లోటు కోసమే నిన్ను తెచ్చుకున్నాను. మాట్లాడని కోడలు ఉంటే వినపడని అత్త బయటపడదు.

ఇదీ సంగతి. మూడేళ్ళు నీ చాటున దాక్కున్నాను. నువ్వు మాట్లాడవు కాబట్టి నాకు హాయిగా ఉండేది. ఆఖరికి నువ్వు మాట్లాడవు కాబట్టే నువ్వు చెడ్డదానివని తీర్పు చెప్పేశాను.

నువ్వు పాట అడిగావని చదివాక నీ గొంతు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. నేను ఎప్పుడూ వినలేదు. ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే పొయ్యి దగ్గర వండుకున్నాం. ఇంక వినను కూడా.

నన్ను రమ్మనకు. ఆ చర్చిలో, ఆ ముందు బెంచీలో మళ్ళీ ఆమేన్ అంటూ కూర్చోలేను. వెనక బెంచీలో కూర్చుంటే ఎందుకని అడుగుతారు. ఇక్కడ అందరికీ తెలుసు, నటించక్కర్లేదు. దయాకర్‌కి, పాస్టరమ్మకి నా సంగతి చెప్పెయ్యి. నీ మీద నింద ఉంచుకోకు.

అత్తయ్య


నర్సీపట్నం,
సెప్టెంబరు నెల.

అత్తయ్య గారికి,

ఈయనకి చెప్పాను. "నేను అరిసి మాటాడతానని నాన్న తిట్టీవోడు. అమ్మ ఒక్కర్తే ఎప్పుడూ ఏటీ అనీది కాదు" అన్నారు. బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు.

పాస్టరమ్మ గారికి చెప్పలేదు. అది మీరు చెప్పాల్సింది, లేకపోతే ఎవరూ చెప్పక్కర్లేదు. సింహాద్రమ్మ గారి మాట నాకు అలవాటైపోయింది.

మాట తక్కువనే నన్ను తెచ్చుకున్నారని చదివి బాధ వేసింది. వేయలేదంటే అబద్ధం. చాలా రోజులు ఆ ఉత్తరం ముట్టుకోలేదు. చదువు లేకపోయినా, పెద్ద కుటుంబం కాకపోయినా, నాలో ఏదో మంచి చూసి తెచ్చుకున్నారని అనుకునేదాన్ని. పుట్టింట్లో కూడా అలాగే చెప్పుకునేదాన్ని.

తరువాత ఇంకోటి తోచింది. అది మొదటిదానికంటే ఎక్కువ బాధగా ఉంది. ఆ అనకాపల్లి అమ్మాయి వచ్చి ఉంటే నెలలోనే పట్టేసేది. మిమ్మల్ని అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది. మీకు ఇంకా కొంత వినపడేది. నేను మూడేళ్ళు మీ పక్కనే తిరిగాను. పిలిస్తే మీరు పలకకపోతే, నా మీద ఇష్టం లేదనుకుని ఊరుకున్నాను. ఒక్కసారి గట్టిగా మళ్ళీ పిలిచి ఉంటే తెలిసిపోయేది. గట్టిగా పిలవడం మర్యాద కాదనుకున్నాను.

మిమ్మల్ని రమ్మని ఇంక రాయను. శుక్రవారం నేనే వస్తున్నాను. ఈయన తోడు వస్తానన్నారు, వద్దన్నాను. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రోలుగుంట బస్సు ఏదని అడగాలి, కండక్టరుకి ఊరు పేరు చెప్పాలి. ఎప్పుడూ ఒంటరిగా చేయలేదు. చేస్తాను. ఆవకాయ కూడా తెస్తున్నాను. ఉప్పు ఎండలో పెట్టడం మరిచిపోయాను, ఎలా ఉందో చూసి చెప్పండి.

మీ ఎదురుగా కూర్చుంటాను. ఏం మాట్లాడాలో నాకు తెలియదు, తెలిసినా మీకు వినిపించేలా మాట్లాడలేను. అందుకని మీరే నాకు ఆ ఈస్టర్ పాట పాడి నేర్పండి. ఎటో పోతుందని భయపడకండి. నేను ఆ పాట సరిగ్గా ఎప్పుడూ వినలేదు. మీరు ఎలా పాడితే నాకు అదే పాట.

మీ కోడలు,
కృపాజ్యోతి